ఈ రోజు రంగు

జూన్ 2
ఈ రోజు రంగు: దానిమ్మ కోపం

ఈ నోటుబుక్కు కంపెనీ ఇచ్చింది. ప్రతి పేజీ నెత్తిన "ఈ రోజు ఎంతమందిని అందంగా మార్చారు?" అని అచ్చువేసి, పక్కన జవాబుకు ఒక గీత వదిలారు. ఆ గీత నేనెప్పుడూ నింపలేదు. కింద లక్ష్యాలు రాసుకోవాలట. పదిహేనేళ్లలో నాకున్న లక్ష్యం ఒక్కటే. కుర్చీ.

అది ఇవాళ చేతికందేంత దగ్గరికి వచ్చింది. షాపు తెరవకముందే టార్గెట్ సార్ నన్ను అద్దాల బీరువా పక్కకు పిలిచారు. మా మేనేజరుకు ఆ పేరు పెట్టింది నేనే, ఎదురుగా మాత్రం 'సార్' దగ్గరే ఆగిపోతాను. కంపెనీ గోళ్లకు రాసే నూనె ఒకటి తెస్తోందట, పేరు గోరుకవచం. గుమ్మానికి ఎదురుగా నిలువెత్తు ఫొటో పెడతారట. అందులో సినిమా వాళ్లెవరూ ఉండరు, నేనుంటాను. రంగు లేని పది గోళ్లూ ముందుకు చాపి నవ్వుతూ ఉంటాను. కింద ఏం రాయాలో కూడా ఖాయమైపోయింది: "పదిహేనేళ్లుగా రోజూ రంగు. రోజూ గోరుకవచం. చూడండి ఈ గోళ్లు!"

"గోరుకవచం ఇంకా బయటికే రాలేదు కద సార్?"

"ఫొటో వచ్చేలోపు వచ్చేస్తుందమ్మా. మీరు మొదట్నుంచీ వాడుతున్నారన్నమాట, అంతే."

ఫొటో జూలై అయిదున. అది బాగా వస్తే నన్ను ట్రైనర్‌ని చేస్తారు. కొత్తగా చేరిన అమ్మాయిలకు రంగు వేయడం, అమ్మడం నేర్పాలి. ట్రైనర్‌కు పై అంతస్తులో గది ఉంటుంది, గదిలో కుర్చీ. చక్రాల కుర్చీ, తలుపు సందులోంచి చూశాను. పదిహేనేళ్లుగా పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా గోళ్లరంగుల కౌంటర్ వెనక నిలబడ్డ కాళ్లకు అంతకంటే ఏం కావాలి?

ఇంట్లో చెప్పాను. ఆయన చాలా సంతోషించారు. అత్తయ్య మాత్రం "రంగు లేకుండానా?" అని నా చేతుల వంక చూసింది.

జూన్ 3
ఈ రోజు రంగు: మంచులో కాఫీ

బొటనవేలి సంగతి రేపు రాస్తాను.

జూన్ 6
ఈ రోజు రంగు: పిరికి గులాబీ

రోజుకో రంగు మా కంపెనీ నియమం. పొద్దున్నే కౌంటర్ మీద చీటీ ఉంటుంది. అందులో ఏ రంగు పేరుంటే పదింటికల్లా ఆ రంగు నా వేళ్లకు ఉండాలి. నిన్నటిది చెరిపెయ్యాలి. కొనేవాళ్లకు సీసాలో రంగు చూస్తే తృప్తి ఉండదట, నా చేతి మీద చూడాలి.

ఇవాళ వచ్చినవాళ్లందరికీ రోజూ చెప్పేవే చెప్పాను. ముందు రంగులేని పూత ఒకటి వేయండి, లేకపోతే ముదురు రంగుల మరక గోరుకు పట్టేస్తుంది. మందంగా ఒక పూత కాదు, పల్చగా రెండు. తీసేటప్పుడు దూదిని రిమూవర్‌లో తడిపి గోరు మీద కాసేపు ఉంచండి, రంగు దానంతటదే వదులుతుంది, రుద్దొద్దు. చచ్చినా గిల్లి పీకొద్దు, రంగుతో పాటు గోరు పొర లేచొస్తుంది. అప్పుడప్పుడూ ఒక వారం రంగు మానేయండి. నిద్రలో లేపి అడిగినా ఇదంతా గడగడా అప్పజెబుతాను.

వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరికింది. దిగేసరికి నా ఒళ్లో అంతా గులాబీ రంగు పొట్టు.

నేను గిల్లలేదు. అదే ఊడింది.

జూన్ 9
ఈ రోజు రంగు: వంకాయ వెన్నెల

టీచరమ్మ వచ్చింది. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. ఎనిమిదేళ్లుగా నా దగ్గరే కొంటుంది, నేను ఏ సీసా చేతిలో పెడితే ఆ సీసా. పక్క కౌంటర్ అమ్మాయి పిలిచినా "మా మేడమ్ ఖాళీ అయ్యేదాకా ఉంటాలేమ్మా" అంటుంది. ఇవాళ ముఖంలో కళ లేదు.

"గోళ్లు పొరలు పొరలుగా లేస్తున్నాయండీ. సుద్దముక్క గట్టిగా పట్టుకుంటే విరుగుతున్నాయి. పిల్లలు చూస్తారని ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని పాఠం చెబుతున్నా."

"నీళ్లలో ఎక్కువ నానుతున్నాయేమో" అన్నాను. వంకాయ వెన్నెల చేతిలో పెట్టాను. ముదురు రంగు కాబట్టి పొరలు కనబడవు.

నేను ఆమెకు సరిగ్గానే చెప్పాను.

జూన్ 12
ఈ రోజు రంగు: లేదు, వారపు సెలవు

పది గోళ్లూ ఒకేసారి రంగు లేకుండా చూసుకుని ఎన్నేళ్లయిందో. పొద్దున్నే నేను ఒక వేలు తుడిచి, దానికి కొత్త రంగు వేసి, అప్పుడు పక్క వేలికి వెళతాను. సెలవు రోజున నిన్నటి రంగే ఉంటుంది. అలా అయితే చెయ్యి ఎప్పుడూ బోసిగా కనబడదని ఆ పద్ధతి నేనే కనిపెట్టాను. ఎవరికి కనబడదో ఇవాళ అర్థమైంది.

కిటికీ దగ్గర కూర్చుని పదీ తుడిచాను. పాత పేపరులా పచ్చబడి ఉన్నాయి. చివర్లు పొరలు విడిపోయాయి. ఎడమ బొటనవేలు... రాస్తాను, రాయడానికే కదా కూర్చున్నది. గోరు సగం దాకా చర్మాన్ని వదిలేసి పైకి లేచింది. కింద ఒక పక్క ఆకుపచ్చగా ఉంది. మా కౌంటర్‌లో నూట నలభై రంగులున్నాయి, ఆ ఆకుపచ్చ లేదు.

ఆయన వాచీలు బాగుచేస్తారు. కంటికి పెట్టుకునే భూతద్దం తెచ్చి, నా బొటనవేలిని దీపం కింద పెట్టి చాలాసేపు చూశారు.

"లోపలికి తడి దూరింది" అన్నారు. "వాచీ అయితే విప్పి ఆరబెట్టేవాణ్ని."

"ఇది వాచీ కాదుగా."

"అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్దామంటున్నా."

అత్తయ్య కుట్టుమిషన్ ఆపి వచ్చింది. నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి, మాట కూడా కత్తెరతో కత్తిరించినట్టే ఉంటుంది. "ఊరందరికీ గోళ్ల పాఠాలు చెబుతావు. నీ చెయ్యి నీకెప్పుడూ ఎదురుపడలేదా?"

ఏడుపొచ్చింది. ఉల్లిపాయల మీదికి నెట్టేద్దామంటే వంట ఎప్పుడో అయిపోయింది.

జూన్ 14
ఈ రోజు రంగు: లేత నమ్మకం

చర్మం డాక్టరమ్మ దగ్గర గంటసేపు కూర్చున్నాం. నా గోళ్లకు లేత నమ్మకం అలాగే ఉంది. లోపలికి వెళ్లగానే ఆవిడ మొదట దూది, రిమూవర్ ఇచ్చింది. బొటనవేలు చూసి కళ్లద్దాలు సరిచేసుకుంది.

"ఒక వారం రంగు మానేస్తే గోళ్లు ఊపిరి పీల్చుకుని బాగైపోతాయి కద డాక్టర్?"

"గోళ్లు ఊపిరి పీల్చవమ్మా, మీరు పీల్చాలి. ఒకసారి గట్టిగా పీల్చి నేను చెప్పేది వినండి."

గోరు నెలకు పెరిగేది మూడు మిల్లీమీటర్లు. బొటనగోరు మొదలంటా కొత్తది రావాలంటే ఆరు నెలలు తేలిగ్గా పడుతుంది. అన్నాళ్లూ ఆ వేలికి రంగు తగలకూడదు. లేచిన భాగం కత్తిరించి, పొడిగా ఉంచి, మందు చుక్కలు వేయాలి. మిగతా వేళ్లకు కూడా ఈ రోజూ తీయడం, రోజూ వేయడం కట్టిపెట్టాలి. లేదంటే బొటనగోరు ఊడొస్తుంది, తర్వాత వచ్చేది చర్మానికి అతుక్కోకపోవచ్చు.

"అయితే రంగు వేసుకోవడమే తప్పంటారా?"

"ఎందుకు తప్పు? నేనూ వేసుకుంటాను. కింద పూత వేసి వేస్తాను, తీసేటప్పుడు నానబెట్టి తీస్తాను. తీశాక ఒకసారి గోరు వంక చూసుకుంటాను. బాగాలేకపోతే బాగయ్యేదాకా ఆగుతాను. ఇవన్నీ మీకెవరూ చెప్పలేదా?"

ఆయన నా వంక చూశారు. నేను గోడ మీది క్యాలెండర్ వంక చూశాను. ఫొటోకు ఇరవై ఒక్క రోజులున్నాయి. అంటే రెండు మిల్లీమీటర్లు.

జూన్ 15
ఈ రోజు రంగు: రాజీ ఎరుపు

బొటనవేలికి కూడా వేశాను, పల్చగా. అంత పల్చగా వేస్తే వేసినట్టు కాదు.

జూన్ 23
ఈ రోజు రంగు: కుంకుడు నురగ

కొబ్బరినూనె రెండు పూటలా రాస్తున్నాను. అంట్లు ఆయన తోముతున్నారు. పసుపు పోతుందని నిమ్మచెక్క రుద్దితే బొటనవేలు భగ్గుమని మండి, ఇల్లంతా ఒక చుట్టు పరిగెత్తాను. రబ్బరు తొడుగులు వేసుకుని బట్టలు మడతపెడుతుంటే అత్తయ్య "ఆపరేషన్ ఎవరికమ్మా?" అంది.

ఆయన దగ్గర సన్నటి కొలబద్ద ఉంది, వాచీ ముళ్లు కొలిచేది. రోజూ పొద్దున్నే దానితో కొలవమంటున్నాను.

"పెరిగిందా?"

"నిన్న పొద్దున్నే కదా కొలిచాం."

"నిన్నటి కంటే?"

"పెరిగిందిలే" అన్నారు. మంచి మనిషి, కానీ అబద్ధం చెప్పేటప్పుడు చెవులు ఎర్రబడతాయి.

మందు చుక్కలు పొద్దున్నే వేస్తున్నాను. వాటి మీద రంగు వేస్తున్నాను. మందు లోపలే ఉంటుంది కదా, పని చేసుకుంటుంది.

జూలై 4
ఈ రోజు రంగు: వీడ్కోలు నీలం

దాచి లాభం లేదని సార్‌కు చూపించాను. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, "అంటుకుంటుందా?" అని అడిగారు. తర్వాత, "ఇంకెవరన్నా చూశారా?" నొప్పిగా ఉందా అని మూడోసారైనా అడుగుతారనుకున్నాను.

"సరే, ముఖం మాత్రం మీదే. చేతులు వేరేవాళ్లవి. రేపటికి చేతులు కావాలి."

అలంకరణ సామగ్రి అమ్మే ఏడుగురు అమ్మాయిల్నీ వరసగా నిలబెట్టి రంగు తీయించారు. ఒకదాని పక్కన ఒకటి డెబ్భై గోళ్లు. అన్నీ నా గోళ్లకు తోబుట్టువులే! ఒకరి చెయ్యి ఒకరు చూసుకుని, పదింటికల్లా మళ్లీ వీడ్కోలు నీలం వేసేసుకున్నాం. షాపు మొత్తానికి మంచి గోళ్లున్నది కాపలా తాతకే. ఆయనకు ఒక చేతికి నాలుగు వేళ్లే.

సరిగ్గా అప్పుడే మా ఆయన, నేను మర్చిపోయిన భోజనం డబ్బా ఇవ్వడానికి వచ్చారు. సార్ డబ్బా వంక చూడలేదు, డబ్బా పట్టుకున్న చేతుల వంక చూశారు. సన్నటి పొడుగాటి వేళ్లు. గులాబీ రంగు గోళ్లు, ప్రతి గోరు మొదట్లో తెల్లటి నెలవంక. వాచీల పని కదా, గోళ్లు ఎప్పుడూ శుభ్రంగా, సమంగా ఉండాలి.

"సార్, ఆయన మగమనిషి" అన్నాను.

"చేతుల మీద రాసుండదు కదమ్మా!"

జూలై 5
ఈ రోజు రంగు: లేదు

ఆయన వేళ్ల మీది వెంట్రుకలు గీశారు. నా గాజులు తొడిగారు. నా చేతులు వెనక్కి కట్టుకుని నేను ముందు నిలబడ్డాను. ఆయన నా వెనక మోకాళ్ల మీద కూర్చుని, నా చంకల కిందినుంచి చేతులు ముందుకు చాపారు. పైన పెద్ద చేతుల జాకెట్టు ఒకటి వేసి అతుకులు కప్పేశారు.

"మేడమ్, చేతులు కొంచెం నాజూగ్గా!" అన్నాడు ఫొటోగ్రాఫర్.

"ఇలాగా?" అని నా వీపు వెనకనుంచి ఆయన గొంతు.

పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం అంత దగ్గరగా, అంతసేపు ఎప్పుడూ నవ్వుకోలేదు. ఆ నవ్వే ఫొటోలో పడింది. అందరూ సహజంగా ఉందన్నారు.

జూలై 21
ఈ రోజు రంగు: గెలుపు బంగారం

ఫొటో పెట్టారు. వచ్చినవాళ్లు ఆగి చూస్తున్నారు. గోరుకవచం సీసాలు మధ్యాహ్నానికే అయిపోయాయి. అత్తయ్య ప్రత్యేకంగా వచ్చి కిందనుంచి పైదాకా చూసి, "వాడి చేతులు చిన్నప్పట్నుంచీ అంతే, ఆడపిల్ల చేతులు" అని గట్టిగా అంది. దగ్గొచ్చినట్టు నటించి బయటికి తీసుకొచ్చాను.

సార్ ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇకనుంచి నా గోళ్లు రంగు లేకుండా ఎవరికీ, ఎప్పుడూ కనబడకూడదు.

ఆగస్టు 1
ఈ రోజు రంగు: ముద్దబంతి

కూర్చున్నాను. మెత్తగా ఉంది. బొటనవేలు సలుపుతోంది.

ఆగస్టు 9
ఈ రోజు రంగు: రాజుగారి నేరేడు

ఆయన అంట్లు తోమడం మానేశారు. "ఈ చేతులు ఇప్పుడు కంపెనీవి" అంటున్నారు. సరదాకే అంటున్నారు. కానీ నా నూనె సీసా ఖాళీ అవుతోంది, గమనించాను.

డాక్టరమ్మ దగ్గరికి ఈపాటికి రెండుసార్లు వెళ్లాల్సింది, వెళ్లలేదు. కొత్త అమ్మాయిలకు ఇవాళ "రంగు తీశాక గోరును పరిశీలించడం" అనే పాఠం చెప్పాను. ఒకమ్మాయి "ఒకసారి మీవి చూపించండి మేడమ్" అంది. కిందికి తీసుకెళ్లి ఫొటో చూపించాను.

ఆగస్టు 18
ఈ రోజు రంగు: సంధ్య మందారం, పదకొండింటి వరకు

అమ్మాయిల్ని తీసుకుని కౌంటర్ దగ్గరికి దిగాను. టీచరమ్మ ఫొటో ముందు నిలబడి ఉంది. తన చెయ్యి ఎత్తి, ఫొటోలోని చెయ్యి పక్కన ఆనించి చూసుకుంటోంది. రంగు లేదు. గోళ్లు సగానికి విరిగి ఉన్నాయి. నన్ను చూసి చప్పున చెయ్యి దించేసింది.

"మీకో మాట చెప్పి వెళ్దామని వచ్చానండీ. ఇక రంగు కొనను. మీరేం అనుకోవద్దు."

"ఏమైందండీ?"

"మీరు ఎలా చెబితే అలాగే చేశాను. అవే సీసాలు, అవే పూతలు. మీవి చూడండి ఎలా ఉన్నాయో, నావి చూడండి. అంటే లోపం నాలోనే ఉంది. నా ఒంటి తీరే అంత. మొన్న మా క్లాసులో ఒకడు, టీచర్‌కి జబ్బు అని పుస్తకం దూరంగా పెట్టాడు. మీరు ఎనిమిదేళ్లు ఎంతో ఓపిగ్గా చెప్పారు, నేనే నిలబెట్టుకోలేకపోయాను. ఏమనుకోకండి."

ఆవిడ నన్ను క్షమాపణ అడుగుతోంది.

జూన్ తొమ్మిదిన 'సరిగ్గానే చెప్పాను' అని రాశాను. ఆ పేజీ చింపెయ్యను, ఉండనీ. జరిగింది ఇది. మూడేళ్ల కిందటే ఆవిడ గోళ్లు పచ్చబడ్డాయని నా దగ్గరికొచ్చింది. రెండు నెలలు రంగు మానండి అని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ మానేస్తే నా కౌంటర్‌లో ఒక సీసా తగ్గుతుంది. "ఇంకో పూత వేయండి, కప్పేస్తుంది" అన్నాను. నా చేతికి నేను చెప్పుకున్నదీ అదే. ఊళ్లోవాళ్లకు పాఠం చెప్పాను, నన్ను నమ్మిన మనిషికి మాత్రం నా అలవాటు అంటగట్టాను.

కౌంటర్ మీది దూది తీసుకున్నాను. రిమూవర్‌లో తడిపి ఎడమ బొటనవేలి మీద పెట్టి నొక్కి ఉంచాను. రుద్దలేదు, గిల్లలేదు. నేను చెప్పే పాఠం ప్రకారం నేను రంగు తీయడం అదే మొదటిసారి. చుట్టూ అమ్మాయిలు నిలబడ్డారు. ఎర్రటి దూది తీసి పక్కన పెట్టాను.

"చూడండి" అన్నాను.

టీచరమ్మ నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. "అయ్యో, ఇదేంటండీ! నొప్పి లేదూ?"

రెండున్నర నెలలుగా ఆ మాట కోసమే చూస్తున్నానని అది విన్నాకే తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీ ఒంట్లో ఏ లోపమూ లేదండీ. నేను మీకు చెప్పిన మాటలో ఉంది."

"మరి అవి?" అంటూ ఫొటో చూపించింది.

"మావారివి."

ఆవిడ ఫొటో వంక చూసింది, నా వంక చూసింది, మళ్లీ ఫొటో వంక చూసింది. ముందు ఆవిడకు నవ్వొచ్చింది. తర్వాత అమ్మాయిలకు. తల తిప్పితే మెట్ల మీద టార్గెట్ సార్ ఉన్నారు, ఆయనకు మాత్రం రాలేదు.

ఆగస్టు 20

రంగు చీటీ రాలేదు. ఉద్యోగంలోంచి తీసేస్తే బయట చెబుతానని వాళ్ల భయం, కౌంటర్‌లో ఉంచితే లోపల చెబుతానని భయం. అందుకని నేల కింది అంతస్తులో ప్లాస్టిక్ బకెట్ల దగ్గర వేశారు. అక్కడ కుర్చీ లేదు.

గుమ్మం ఎదుటి ఫొటో తీసెయ్యలేదు. నా ముఖం వరకు కత్తిరించి, చేతులు ఉంచారు. హ్యాండ్ క్రీముకు కూడా ఆ చేతులే కావాలని కబురు పంపారట. ఆయన భూతద్దం తీయకుండానే "వాచీలు చాలా ఉన్నాయి, కుదరదు" అన్నారు. సాయంత్రం అంట్లు ఆయనే తోమారు.

ఆగస్టు 21

డాక్టరమ్మ చాలా కోప్పడింది. లేచిన గోరంతా కత్తిరించింది. అతుక్కుంటుందా అని అడిగితే, "ఇప్పుడే చెప్పలేను. ఇంకో నెల ఆలస్యమై ఉంటే అతుక్కోదని చెప్పేదాన్ని" అంది. టీచరమ్మ నంబరు రాసి ఇచ్చాను, ఆవిణ్నీ చూడమని.

అక్టోబర్ 3

ఆయన చెవులు ఎర్రబడకుండా "పెరిగింది" అన్నారు.

డిసెంబర్ 7

బడి వదిలాక టీచరమ్మ బకెట్ల దగ్గరికి దిగి వచ్చింది. ఇక్కడ ఎవరూ రారు కాబట్టి తీరిగ్గా కూర్చోవచ్చు. బకెట్ బోర్లిస్తే దివ్యమైన పీట, ఇది నాకు పదిహేనేళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే బావుండేది. రెండు బోర్లించి చెరోదాని మీదా కూర్చున్నాం. మూడోదాని మీద నాలుగు చేతులూ పెట్టుకున్నాం.

ఆవిడ గోళ్లు దాదాపు చివరిదాకా కొత్తవే. నా బొటనగోరు మొదట్నుంచి చర్మానికి అతుక్కునే వచ్చింది. ఇంకా నాలుగు మిల్లీమీటర్లు మిగిలింది. ఆయన కొలబద్ద ఈమధ్య నా సంచిలోనే ఉంటుంది.

"ఇవాళ రెండు చేతులతో లెక్కలు చెప్పానండీ" అంది టీచరమ్మ. "పదికి పది వేళ్లూ చూపించి."

తర్వాత, "అంతా బాగయ్యాక మళ్లీ రంగు వేసుకోవచ్చంటారా?" అని అడిగింది.

నోటిదాకా ఏదో వచ్చింది. ఆపుకున్నాను. "డాక్టరమ్మని అడుగుదాం. నన్ను అడగొద్దు" అన్నాను. ఆవిడ నవ్వింది. మెట్ల మీద ఎవరో దిగుతున్న చప్పుడైంది. ఇద్దరిలో ఒక్కరం కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పేజీ నెత్తిన ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉంది, ఈ రోజు ఎంతమందిని అందంగా మార్చారు అని. ఇవాళ మొదటిసారి ఆ గీత మీద జవాబు రాశాను: ఎవరినీ మార్చలేదు.